గోదావరి డెల్టా, ఉప్పెన: మనం మర్చిపోయిన రెండొందల ఏళ్ళ కథ

2025 అక్టోబర్ 28, మొంథా తుఫాను తీరం దాటిన రోజు. పొద్దున్నించీ కోనసీమలో మా ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట, గాలి ఎంత స్పీడులో వస్తుందంట అని. టీ కొట్టు దగ్గరా అదే, వాట్సాప్‌లోనూ అదే, తొంభై వస్తుందంట, నూటపది వస్తుందంట, అంతే. సచివాలయం నుంచి పిల్లలు వచ్చి స్కూల్లో పునరావాసం పెట్టాం రండి అని తిరుగుతుంటే మా పెదనాన్నగారు అరుగు మీంచి లేవలేదు, "తొంభై ఆరు తుఫాను చూసిన ప్రాణంరా ఇది, స్లాబు ఇంట్లో ఉన్నాం, గాలి ఏం చేస్తుంది" అన్నారు. ఊళ్ళో సగం మందిది అదే మాట. తుఫాను వచ్చిన ప్రతిసారీ టీవీలో ఇదే చర్చ పెడతారు, జనం ఎందుకు ఖాళీ చెయ్యరు, మొండితనమా అని. నాకైతే మొండితనం అనిపించదు. మనకి గుర్తున్న తుఫాను వేరు, ఈ డెల్టా చరిత్రలో ఎక్కువ ప్రాణాలు తీసిన తుఫాను వేరు, తేడా అక్కడ వస్తోంది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కోరంగి అంటే ఇప్పుడు మనకి తాళ్ళరేవు దగ్గర మడ అడవి, చెక్క వంతెన మీద నడక, పడవ షికారు. కానీ ఒకప్పుడు అది పెద్ద రేవు, ఓడలు కట్టేవాళ్ళు, పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు వాళ్ళు, యానాంలో ఫ్రెంచి వాళ్ళు. మనవాళ్ళు అక్కణ్ణించే ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవాళ్ళు, అందుకే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అని పిలిచేవాళ్ళంటే ఆ రేవు ఎంత పెద్దదో ఆలోచించండి. ఆ కోరంగి మీదకి 1789 డిసెంబర్లో సముద్రం మూడు పెద్ద అలలుగా వచ్చిందని, ఇరవై వేల మంది పోయారని రాసి ఉంది. ఊరు మళ్ళీ లేచింది. మళ్ళీ 1839 నవంబర్ 25న ఇంకోటి వచ్చింది, 40 అడుగుల ఉప్పెన అన్నారు, రేవులో ఉన్న ఓడలు పోయాయి, ఆ దెబ్బతో కోరంగి పాత వైభవం ఇక తిరిగి రాలేదు.

ఈ 1839 తుఫానులో 3 లక్షల మంది చనిపోయారని ఎక్కడ చూసినా కనిపిస్తుంది, ప్రపంచంలో అతి ఘోరమైన తుఫాన్ల లిస్టుల్లో కూడా పెడతారు. ఆ అంకె నాకు నమ్మబుద్ధి కాదు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా లెక్కలు చూడండి, 1821లో 7.38 లక్షలు, 1841కి 5.61 లక్షలు. అంటే ఇరవై ఏళ్ళలో తగ్గింది లక్షా డెబ్భై ఏడు వేలు, అందులోనే 1833 ప్రాంతపు కరువు కూడా ఉంది, వలసలు కూడా ఉన్నాయి. ఒక్క రాత్రిలో 3 లక్షలు పోయుంటే ఈ లెక్క కుదరదు కదా. అలాగని జరిగింది చిన్నదని కాదు, కరువూ ఉప్పెనా వరసగా తిని జిల్లాలో నాలుగో వంతు జనం లేకుండా పోయారు. తర్వాత కాటన్ గారు 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టినప్పటికి ఈ ప్రాంతం అలా శవంలా ఉంది, మనం అన్నపూర్ణ అని చెప్పుకునే డెల్టా ఆ తర్వాతిది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. సైక్లోన్ అనే ఇంగ్లీషు మాట పుట్టడంలో మన తీరానికీ వాటా ఉంది. హెన్రీ పిడింగ్టన్ అని కలకత్తాలో ఉండేవాడు, ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని బంగాళాఖాతం తుఫాన్లన్నీ ఒక్కొక్కటే పరిశీలించాడు, కోరంగివి కూడా. గాలి నేరుగా రాదు, గుండ్రంగా చుట్టుకుంటూ వస్తుంది అని చూపించి, గ్రీకు భాషలో పాము చుట్ట అనే అర్థం వచ్చే మాటలోంచి సైక్లోన్ అని పేరు పెట్టాడు, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంతో ఆ మాట బాగా జనంలోకి వెళ్ళింది. మన భాషలో మాత్రం అంతకుముందే రెండు వేర్వేరు మాటలున్నాయి. గాలివాన ఒకటి, ఉప్పెన ఒకటి. సముద్రం నేల మీదకి ఎక్కి రావడానికి విడిగా ఒక పేరు పెట్టుకున్నారంటే మన పెద్దవాళ్ళు దాన్ని ఎన్నిసార్లు చూశారో.

ఉప్పెన ఎలా వస్తుందో ఒక్కసారి చెప్పుకుందాం, ఎందుకంటే అసలు పాయింట్ ఇక్కడే ఉంది. తుఫాను మధ్యలో గాలి పీడనం పడిపోతుంది, ఒక్కో మిల్లీబార్ తగ్గితే కింద నీరు దాదాపు ఒక సెంటీమీటర్ లేస్తుంది. మామూలుగా 1010 దాకా ఉండేది 950 కి పడిపోయిందనుకోండి, 60 సెంటీమీటర్లు, అంటే మోకాలు దాటుతుంది అంతే. మిగతాదంతా గాలి పని. గంటల తరబడి గాలి సముద్రం నీళ్ళని ఒడ్డు వైపు నెడుతూనే ఉంటుంది, లోతైన చోట ఆ నీళ్ళు కిందనించి వెనక్కి పోతాయి, మన దగ్గర సముద్రం లోతు తక్కువ, గోదావరి వేల ఏళ్ళుగా ఒండ్రు పోసి మెరక చేసింది, కాబట్టి నీళ్ళకి వెనక్కి పోయే దారి లేక పైకి లేచి ఊళ్ళ మీదకి వస్తాయి. దానికి పోటు తోడైతే ఇంక చెప్పక్కర్లేదు. పైగా మన వైపు తుఫానులో గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది, తుఫాను తూర్పు నుంచి పడమరకి వస్తుంది కాబట్టి కేంద్రానికి ఉత్తరాన ఉన్నవాళ్ళకి గాలి సముద్రం మీంచి నేల మీదకి కొడుతుంది, దక్షిణాన ఉన్నవాళ్ళకి నేల మీంచి సముద్రంలోకి. అంటే నర్సాపురం దగ్గర తీరం దాటితే నీళ్ళ భయం ఎక్కువ కోనసీమకి, అవతల కృష్ణా జిల్లాకి తక్కువ. టీవీలో నర్సాపురం అన్నాడు మనది కాదులే అని అంతర్వేదిలోనో ఓడలరేవులోనో పడుకుంటే ఎంత ప్రమాదమో చూడండి. పాత నావికుల లెక్క ఒకటుంది, గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం మన ఎడమచేతి వైపు ఉంటుంది. ఇంట్లో పిల్లలకి నేర్పించండి, కరెంటు పోయి సిగ్నల్ పోయాక పనికొచ్చేది అదే.

సరే, 1864లో నెల తేడాలో రెండు తుఫాన్లు, అక్టోబర్లో కలకత్తా, నవంబర్ 1న మచిలీపట్నం. బందరులో దాదాపు 30 వేల మంది పోయారు. ఆ దెబ్బలతో మరుసటి ఏడు కలకత్తా రేవుకి హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో వాతావరణ శాఖ పెట్టారు. టెలిగ్రాఫ్ తీగల మీద కబురు, రేవులో జెండా స్తంభానికి గుర్తు ఎగరేయడం. ఇప్పటికీ కాకినాడ పోర్టులో మూడో నంబర్ ఎగరేశారు, పదో నంబర్ ఎగరేశారు అంటాం కదా, ఆ పద్ధతి అక్కణ్ణించి వచ్చిందే. ఆ నంబర్లు ఓడల కోసం పెట్టినవి, ఊళ్ళ కోసం కాదు. గోదావరి లంకలో ఉన్న మనిషికి పదో నంబర్ అంటే తన ఇంట్లోకి నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో ఏం తెలుస్తుంది.

1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గురించి రాయకుండా ముందుకి వెళ్ళలేం, అది కృష్ణా డెల్టా అయినా సరే. పోయినవాళ్ళు సర్కారు లెక్కే పది వేలు. అయిదారు మీటర్ల నీటి గోడ వచ్చి నాగాయలంక, అవనిగడ్డ వైపు ఊళ్ళకి ఊళ్ళే ఊడ్చుకుపోయింది. ఆ తర్వాతే తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టడం, మనుషుల్ని ముందుగా తరలించడం సీరియస్‌గా మొదలయ్యాయి. 1990 మే 9న అదే కృష్ణా ముఖద్వారం దగ్గర దాదాపు అంత బలమైన తుఫాను వస్తే లక్షల మందిని ముందే కదిలించారు, పోయినవాళ్ళు వెయ్యి లోపే. పదమూడేళ్ళలో ఎంత తేడా! ఇన్సాట్ ఉపగ్రహం ఫోటోలు అప్పటికి వచ్చేశాయి, కానీ ఎక్కువ మార్కులు నేను ఊరూరా తిరిగి జనాన్ని లారీలెక్కించిన వాళ్ళకే వేస్తాను.

ఇంక మనది, 1996 నవంబర్ 6. చిన్న తుఫాను అది, వెడల్పు తక్కువ, కానీ తీరం దగ్గరకొచ్చి గట్టిపడిపోయింది, రాత్రి కాకినాడకి దక్షిణాన కోనసీమ మీద తీరం దాటింది. సముద్రం మీద వేటకెళ్ళినవాళ్ళకి కబురు అందే దారి లేదు, పడవల్లో రేడియో ఉంటే కదా. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు మత్స్యకారుల ఇళ్ళల్లో ఆ రాత్రి ఎవరు మిగిలారో లెక్క తేలడానికే రోజులు పట్టింది. చనిపోయినవాళ్ళు వెయ్యికి పైనే, గల్లంతైన వాళ్ళని కలుపుకుంటే ఇంకా ఎక్కువ.

కానీ సముద్రానికి కాస్త లోపలగా ఉన్న మా అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు జనానికి ఆ రాత్రి మిగిల్చింది గాలి జ్ఞాపకం. మా నాన్నగారు ఇప్పటికీ చెప్తారు, ఉత్తరం గాలి కొట్టి కొట్టి ఒక్కసారి ఆగిపోయిందట, అయిపోయిందనుకుని కొందరు బయటికొచ్చి లాంతరు పట్టుకుని పశువుల్ని చూసుకుంటుంటే దక్షిణం వైపు నించి అంతకు రెండింతలు కొట్టిందట. అది తుఫాను కన్ను, మధ్యలో గాలి ఉండదు, అది దాటగానే అవతలి గోడ తగులుతుంది. తెల్లారేసరికి తోటల్లో ఆకాశం కనిపించిందంట. కొబ్బరి తోటలో నిలబడి చూస్తే ఆకాశం కనిపించడమంటే ఏంటో కోనసీమ వాళ్ళకే తెలుసు. లక్షల చెట్లు పడిపోయాయి. వరి అయితే మళ్ళీ దాళ్వా, అంటే రెండో పంట, వేసుకోవచ్చు, కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు, నిండు కాపుకి ఇంకా ఎక్కువ, పడకుండా నిలబడ్డ చెట్టు కూడా మొవ్వు దెబ్బతింటే రెండేళ్ళు సరిగ్గా కాయదు. దింపు తీసేవాళ్ళకి పని లేదు, ఒలుపు వాళ్ళకి పని లేదు, పీచు లేదు, తాడు లేదు. ఆడపిల్ల పెళ్ళికని ఉంచుకున్న ఎకరం తోట పోయి పెళ్ళి ఆగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. అందుకే తొంభై ఆరు అనగానే మా తరం దాకా అందరి కళ్ళ ముందుకీ వచ్చేది చెట్లు, రేకులు, గాలి అరుపు. ఆ రాత్రి స్లాబు ఇంట్లో ఉన్నవాళ్ళు బతికారు, కాబట్టి స్లాబు ఇల్లుంటే చాలు అనే పాఠం ఊళ్ళో స్థిరపడిపోయింది.

మా పెదనాన్నగారు అరుగు మీంచి లేవకపోవడానికి కారణం ఇదే. ఆయన చూసింది నిజం. కాకపోతే ఆయన చూసింది గాలి తుఫాను, 1839 లాంటిది చూసిన మనిషి ఇప్పుడు బతికి లేడు, మాకు చెప్పేవాళ్ళూ లేరు. బులెటిన్లు కూడా గాలి లెక్కలోనే ఉంటాయి, 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. ఉప్పెన ఎంత అనేది కూడా చెప్తారు, అది కింద ఎక్కడో ఒక లైను, ఛానళ్ళు చదవవు. 2004 నుంచి తుఫాన్లకి పేర్లు పెట్టడం వచ్చాక ఫెథాయ్, హుద్‌హుద్, మొంథా అని పేరు మీదే సగం చర్చ అయిపోతుంది. 2018 డిసెంబర్ 17న ఫెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది, బలహీనపడిపోయింది, పెద్దగా ఏం కాలేదు, దాంతో వీళ్ళెప్పుడూ ఇలాగే భయపెడతారు అనేది ఇంకొంచెం గట్టిపడింది.

ఈలోపు నేల మారిపోయింది. గోదావరి మీద పైన ఎన్ని ఆనకట్టలు కడితే అంత ఒండ్రు అక్కడే ఆగిపోతుంది, 1970ల్లో సముద్రానికి చేరిన ఒండ్రుతో పోలిస్తే 1990ల్లో చేరింది సగం కూడా లేదు. ఒండ్రు రాకపోతే డెల్టా పెరగదు, పైగా మెత్తటి నేల తన బరువుకి తనే కుంగుతుంటుంది, సముద్రం పైకొస్తుంటుంది. ఉప్పాడలో ఇళ్ళు, రోడ్డు, ఒక్కొక్కటే సముద్రంలోకి పోవడం అందరం చూస్తున్నాం. మడ అడవి ఉప్పెన వేగాన్ని తగ్గిస్తుంది, ఒడ్డున ఇసుక దిబ్బలు గోడలా అడ్డుపడతాయి, కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి ఇసుకతో రెండొందల ఏళ్ళలో పెరిగిన దిబ్బే, రేవుకి అదే కాపు. అలాంటి దిబ్బల్ని చదును చేసి, మడ కొట్టి చెరువులు తవ్విన చోట్లు తీరంలో ఎన్ని లేవు. రొయ్యల చెరువు వద్దని నేననను, మా చుట్టాల్లోనే చేసేవాళ్ళున్నారు, కానీ సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న దిబ్బని తవ్వితే ఊరంతటికీ దెబ్బ.

వాన సంగతి కూడా చెప్పాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, బంగాళాఖాతం అసలే వేడి సముద్రం, తుఫాను పుట్టడానికి కావలసిన ఇరవై ఆరున్నర డిగ్రీలు మన దగ్గర అక్టోబర్ నవంబర్లలో సులువుగా దాటుతుంది. అదే టైములో సార్వా, అంటే మొదటి పంట వరి కోతలు, చేలో కోసి పరిచిన పనలు. తుఫాను మనుషుల్ని వదిలేసినా పనల్ని వదలదు, నాలుగు రోజులు నీళ్ళల్లో ఉంటే గింజ మొలకెత్తుతుంది, రంగు మారిన ధాన్యం ఎవడు కొంటాడు. సముద్రం పోటు మీద ఉంటే చేల నీళ్ళు పోయే డ్రైన్లు లాగవు, పూడిక తీయని డ్రైనైతే మామూలు రోజుల్లోనే లాగదు.

మొంథా అర్ధరాత్రి ప్రాంతంలో నర్సాపురం దగ్గర దాటింది, అంటే మేం కుడివైపు, సముద్రం గాలి తగిలే వైపు ఉన్నాం. ఉప్పెన ఒక మీటరు దాకా రావచ్చని బులెటిన్లో ఉంది. ఆ రోజు కార్తీక శుద్ధ సప్తమి, నెలలో పోటు బాగా తక్కువగా ఉండే రోజులవి. కార్తీక పౌర్ణమి ఇంకా ఎనిమిది రోజులు ఉంది, ఆ రోజు పోటుకే అంతర్వేది బీచ్‌లో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ స్నానాలకెళ్ళే అందరికీ తెలుసు. ఈ మాట నేను తర్వాత పెదనాన్నగారికి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మన ఇల్లు సముద్రం మట్టానికి ఎంత ఎత్తులో ఉంటుందిరా" అని అడిగారు.