బాస్ రాడ్‌తో కొర్రమీను: ముందు లూర్, చివర్లో రీల్

హైదరాబాద్‌లో కొత్తగా లూర్ ఫిషింగ్, అంటే నకిలీ ఎరతో చేపలు పట్టడం, మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు రాడ్ కొంటారు, తర్వాత ఆఫర్‌లో ఉన్న దారం చుట్టే రీల్ ఒకటి, చివరికి మిగిలిన డబ్బులతో రంగు నచ్చిన లూర్లు రెండో మూడో. నా మాట వింటే ఈ వరస మొత్తం తిరగేయండి. ముందు చేప ఎక్కడ దాక్కుంటది, ఎట్లా నోరు తెరుస్తది అనేది చూడాలి, దాన్ని బట్టి లూర్, లూర్ బరువును బట్టి లైన్ అనే దారం, ఆ రెండింటిని బట్టి రాడ్, అన్నిటికన్నా ఆఖరున రీల్. ఎందుకంటే వీటిలో ఒక్కోటి వెనకదాని మీద ఆధారపడే వస్తువు, విడిగా చూస్తే ఏదీ మంచిది కాదు, ఏదీ చెడ్డది కాదు.

మనకు దొరికే సామాను చాలావరకు అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ కోసం పుట్టింది. ఆ చేప మన చెరువుల చేప కాదు, తెచ్చి వదలాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాకూడదు. జపాన్‌లో 1925లో ఆషి సరస్సులో వదిలారు, అది అక్కడితో ఆగకుండా దేశమంతా పాకి స్థానిక చేపల్ని మింగుతూ పోయింది, చివరికి 2005లో అమల్లోకి వచ్చిన చట్టంతో దాన్ని పెంచడం, ప్రాణంతో తరలించడం నిషేధించారు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన బాస్‌తో సమానంగా ప్రపంచ రికార్డు పంచుకుంటున్న చేప కూడా జపాన్ బివా సరస్సులోనే దొరికింది, 2009లో, 10 కిలోల పైచిలుకు.

మనకు కొర్రమీను ఉంది కదా. తెలంగాణ రాష్ట్ర చేప, రాంనగర్ చేపల మార్కెట్‌లో టబ్బుల్లో కొద్దిపాటి నీళ్లలోనే ప్రాణంతో కదులుతూ కనిపించేది. మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటది దానికి, అందుకే అంత తక్కువ నీళ్లలో బతుకుతది, అందుకే చెరువులో కూడా మాటిమాటికి పైకొచ్చి గాలి మింగక తప్పదు. వేట మాత్రం అచ్చం బాస్ లాగానే. తుంగలోనో తామరాకుల కిందో కదలకుండా నక్కి ఉండి, దగ్గరకొచ్చిన కప్ప మీదో చిన్న చేప మీదో ఒక్కసారిగా పడతది. అందుకే బాస్ సామాను దీనికి బాగా పనికొస్తది. ఒక్క తేడా గుర్తుంచుకోండి, బాస్ పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి కాబట్టి అమెరికా వాళ్లు కింది దవడలో బొటనవేలు పెట్టి ఎత్తుతారు, కొర్రమీను పళ్లు వాడి, ఆ పని చేస్తే వేలు చీరుకుపోతది, దవడని పట్టుకునే గ్రిప్పర్ వాడాలి.

ఇక లూర్. ఆకులూ గుర్రపుడెక్కా నిండిన నీళ్లలో బయటికి తేలిన ముల్లు ఉన్న ఏ లూర్ అయినా రెండు అడుగులు రాకముందే చిక్కుకుంటది, అందుకే అక్కడ కప్ప ఆకారంలో ఉండే బోలు లూరే సరైనది. దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి, మెత్తటి ప్లాస్టిక్ ఒళ్లు, లోపలంతా గాలి, వీపుకి అతుక్కుని పైకి తిరిగిన రెండు ముళ్ల కొనలు. వేలితో నొక్కితే ఒళ్లు అణిగి ముళ్లు బయటపడతాయి, అంటే చేప నోరు మూసినప్పుడే అది గాలంగా మారుతది, అప్పటిదాకా ఆకుల మీద జారిపోతూ ఉంటది. కాబట్టి నీళ్లు పగిలిన చప్పుడు వినగానే లాగొద్దు, లైన్ బిగిసి చేప బరువు చేతికి తెలిసేదాకా ఒక్క క్షణం ఓపిక పట్టి అప్పుడు గట్టిగా కొట్టాలి.

రంగు గురించి షాపుల్లో చెప్పేదాంట్లో ఎక్కువ భాగం మన కళ్ల కోసమే. పైన తేలే కప్పని చేప కింది నుంచి చూస్తది, ఆకాశం వెలుగుకి ఎదురుగా దానికి కనపడేది పొట్ట, ఆ నల్లటి నీడ, అంతే, వీపు మీద గీసిన మచ్చలు దానికి కనపడే దారే లేదు. నీళ్లలో మునిగే లూర్లకైతే రంగు కొంత పనిచేస్తది. ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు బాస్‌కి రంగులు గుర్తుపట్టడం నేర్పి చూస్తే ఎరుపునీ ఆకుపచ్చనీ బాగానే పట్టుకుంది, నీలాన్నీ నలుపునీ మాత్రం వేరుచేయలేక తికమకపడింది, మెరిసే నిమ్మపండు రంగుకీ తెలుపుకీ కూడా అదే కథ. వానలు పడి నీళ్లు బురదగా ఉన్నప్పుడు చూపు ఎటూ అంత దూరం పోదు. అప్పుడు చేప ఒంటి పక్కన తల నుంచి తోకదాకా ఉండే పార్శ్వ రేఖ కూడా చూపుకి తోడవుతది, దగ్గర్లో నీళ్లు కదిలితే ఆ మెల్లని ప్రకంపనల్ని అదే పసిగడతది, గిర్రున తిరిగే రేకు ఉన్న స్పిన్నర్‌బెయిట్ బురదనీళ్లలో పనిచేయడానికి ఇదొక కారణం.

లూర్ ఖాయమైతే లైన్ దానంతటదే తేలిపోతది. నైలాన్ బాగా సాగుతది, 30 మీటర్ల అవతల చేప కరిస్తే మీరు కొట్టిన దెబ్బలో చాలా భాగం ఆ సాగుడుకే పోతది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో తక్కువ కనపడతది, కాంతి దాంట్లో వంగే తీరు నైలాన్‌తో పోలిస్తే నీటికి దగ్గర, దాని వక్రీభవన గుణకం దాదాపు 1.42, నీటిది 1.33, కానీ అది మునుగుతది కాబట్టి తేలే కప్పకి పనికిరాదు. పాలిథిలీన్ (పీఈ) పోగులతో అల్లిన లైన్ నీటికన్నా తేలిక, దాదాపు సాగదు, ఆకుల కాడల్ని కోసుకుంటూ వస్తది. కప్పకి 30 నుంచి 40 పౌండ్ల అల్లిన లైన్, నా దృష్టిలో ఇందులో రెండో మాట లేదు.

ఇప్పుడు రాడ్. పట్టుకునే చోటికి కాస్త పైన చిన్న అక్షరాలతో ఒక వరస రాసి ఉంటది, ధర చూసే ముందు అది చదవండి. పొడవు 7 అడుగులు, పవర్ మీడియం హెవీ, యాక్షన్ ఫాస్ట్, లూర్ పావు నుంచి ముప్పావు ఔన్స్ అని ఉంటది, అంటే సుమారు 7 నుంచి 21 గ్రాములు. పవర్ అంటే ఎంత బరువుకి వంగుద్ది, యాక్షన్ అంటే ఎక్కడ వంగుద్ది, ఈ రెండూ ఒకటి కాదు. విసిరేటప్పుడు రాడ్ ఒక స్ప్రింగ్, లూర్ బరువే దాన్ని వంచి శక్తి నింపుతది, 5 గ్రాముల లూర్ ఈ రాడ్‌కి కడితే వంగదు, వంగకపోతే విసిరే శక్తంతా మీ భుజం నుంచే రావాలి. కప్పకి కొనలోనే వంగే ఫాస్ట్ రాడ్ కావాలి, ఎందుకంటే కొట్టిన దెబ్బ వెంటనే ముల్లుకి చేరాలి. మూడు ముళ్ల గాలాలుండే, లాగితే మునిగే క్రాంక్‌బెయిట్ అనే లూర్‌కి మాత్రం లెక్క దీనికి తలకిందులు, బాస్ సెకనులో పదో వంతు అంత సమయంలో నోరు తెరిచి నీళ్లతో పాటు ఎరని లోపలికి పీల్చుకుంటది, ఆ క్షణంలో రాడ్ బిర్రుగా ఉంటే లూర్ నోట్లోంచి బయటికి వచ్చేస్తది, అందుకే మధ్యదాకా వంగే రాడ్, వీలైతే ఫైబర్ గ్లాస్ కలిసింది మంచిది. కార్బన్ పోగు గాజు పోగు కన్నా దాదాపు మూడు రెట్లు బిగువు, బరువు కూడా తక్కువ, 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ రాడ్ తెచ్చాక అందరూ అటు మళ్లడానికి కారణం అదే. కానీ కార్బన్‌లో కరెంటు పారుతది. చెరువు కట్టల మీదుగా వైర్లు పోయే చోట, ఏప్రిల్ మే ఉరుముల వానల్లో రాడ్ ఎత్తి నిలబడొద్దు.

ఇంకో సంగతి, పొడుగు రాడ్ మీకు కాదు, చేపకి అనుకూలం. రాడ్ పొడవు 210 సెంటీమీటర్లు, ముందు చెయ్యి అడుగుభాగం నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకుంటే, కొన దగ్గర చేప అడ్డంగా 1 కిలో బలంతో లాగితే మీ చెయ్యి 7 కిలోలు మోయాలి. రాడ్ వంగే కొద్దీ ఆ దూరం తగ్గి చేతికి సులువవుతది. గుర్రపుడెక్కలోంచి కొర్రమీనుని ఈడ్చాలంటే అందుకే రాడ్‌ని నిటారుగా ఎత్తకుండా కిందికి దించి లైన్ వైపు చూపిస్తూ రీల్‌తో లాగుతారు.

రీల్ దగ్గర అసలు ప్రశ్న ఒకటే, విసిరేటప్పుడు లైన్ చుట్టి ఉండే స్పూల్ తిరగాలా వద్దా. బెయిట్‌కాస్టర్ రకం రీల్‌లో స్పూల్ తిరుగుతది, లూర్ గాల్లో నెమ్మదిస్తది, స్పూల్ మాత్రం అదే ఊపులో తిరుగుతూ లైన్ వదులుతది, ఆటోవాలా సడన్ బ్రేక్ వేస్తే వెనక కూర్చున్నవాళ్లు ముందుకు తూలినట్టు, ఆ వదిలిన లైన్ అంతా పిచ్చుక గూడై కూర్చుంటది. అయస్కాంతపు బ్రేకులూ, వేగం పెరిగే కొద్దీ బిగిసే సెంట్రిఫ్యూగల్ బ్రేకులూ దానికోసమే. స్పూల్ తిరగకుండా లైన్ మాత్రమే జారిపోయే పద్ధతికి 1905లో ఇంగ్లండ్‌లో ఇల్లింగ్‌వర్త్ అనే బట్టల మిల్లు యజమాని పేటెంట్ తీసుకున్నాడు, ఇవాళ్టి స్పిన్నింగ్ రీల్‌కి మూలం అది. కొత్తవాళ్లు స్పిన్నింగ్‌తోనే మొదలుపెట్టండి. గేర్ 6:1 అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే 6 చుట్లు, చుట్టు 10 సెంటీమీటర్లు అయితే 60 సెంటీమీటర్ల లైన్ వస్తది. అంకె పెరిగితే వేగం పెరుగుద్ది, లాగే బలం తగ్గుద్ది.

డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు లైన్‌ని కొంత బిగువుతో వదిలే రీల్ బ్రేకు, మాత్రం స్ప్రింగ్ తక్కెడతో కొలిచి పెట్టుకోండి, లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. బెయిట్‌కాస్టర్‌లో అయినా స్పిన్నింగ్‌లో అయినా చేప లైన్ లాక్కుపోయే కొద్దీ స్పూల్ మీద చుట్ట సన్నబడతది, 40 మిల్లీమీటర్ల వ్యాసం 30కి వచ్చిందంటే మీరు ముట్టుకోకుండానే డ్రాగ్ మూడో వంతు బిగిసినట్టు, చాలా లైన్లు తెగేది సరిగ్గా అక్కడే. ఇంటికొచ్చాక ఆ నాబ్ వదులు చేసి పెట్టండి, లోపలి వాషర్లు రోజుల తరబడి నొక్కుకుపోయి ఉంటే తర్వాత డ్రాగ్ జర్కులు జర్కులుగా వదులుతది.