నిద్ర చాలకపోతే కరిగేది కండే

బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నవారు చాలామంది మొదట రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెడతారు. తర్వాత తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకుని వాకింగ్ మొదలుపెడతారు. పడుకునే వేళ మాత్రం మారదు. పన్నెండు దాటితే గాని ఫోను పక్కన పెట్టరు. అంటే నడకకు కావలసిన సమయాన్ని నిద్రలోంచే కోసుకుంటున్నారన్నమాట. ఆ కోత వల్ల ఏం పోగొట్టుకుంటున్నామో తెలియాలంటే షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగాన్ని కాస్త ఓపిగ్గా చూడాలి.

అధిక బరువున్న పదిమందిని పరిశోధనశాలలోనే ఉంచి, 14 రోజుల పాటు తక్కువ క్యాలరీల భోజనం పెట్టారు. ఒక విడతలో రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడుకోనిచ్చారు. కొన్ని నెలల ఎడంతో జరిగిన మరో విడతలో అదే మనుషులకు, అదే తీరు తిండితో, ఐదున్నర గంటలే ఇచ్చారు. రెండు విడతల్లోనూ తగ్గిన బరువు దాదాపు సమానం, సుమారు మూడు కిలోలు. తూకం ఒక్కటే చూస్తే నిద్రతో నిమిత్తం లేదనిపిస్తుంది. కానీ తగ్గినదాంట్లో కొవ్వెంతో విడిగా కొలిచి చూశారు. కంటినిండా పడుకున్నప్పుడు పోయిన కొవ్వు 1.4 కిలోలు, నిద్ర కోసినప్పుడు 0.6 కిలోలు. కొవ్వు కాని భాగం, అంటే కండరాలు, నీరు వగైరా, మొదటిసారి 1.5 కిలోలు పోతే రెండోసారి 2.4 కిలోలు పోయింది. అంతే ఆకలిని ఓర్చుకున్నా, ఫలితం సగానికి పైగా పడిపోయింది.

పదిమందితో రెండు వారాల ప్రయోగం కాబట్టి ఈ అంకెలు అందరికీ అచ్చంగా ఇలాగే వర్తిస్తాయని చెప్పలేం. అయినా ఇది మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయమని నా నమ్మకం. ఒకే బరువూ ఎత్తూ ఉన్న యూరోపియన్లతో పోలిస్తే మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ అని పుణె వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్లుగా చెబుతున్నారు. భోజనం తర్వాత రక్తంలోకి చేరే చక్కెరలో పెద్ద వాటాను తీసుకునేది కండరమే. చక్కెర వ్యాధి ఇంటింటా కనిపిస్తున్న మన ప్రాంతంలో ఉన్న కాస్త కండనూ డైటింగ్ పేరుతో పోగొట్టుకోకూడదు.

ఇక ఆకలి సంగతి. 2004లో అదే విశ్వవిద్యాలయంలో కరీన్ స్పీగెల్, ఈవ్ వాన్ కాటర్ తదితరులు పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పదేసి గంటలు పడుకోనిచ్చిన రాత్రులతో పోలిస్తే, కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ల మనసు పోయింది కూరగాయల మీదకు కాదు, తీపి మీదకు, ఉప్పటి చిరుతిళ్ల మీదకు, పిండి పదార్థాల మీదకు. తర్వాతి ప్రయోగాలన్నిటిలో హార్మోన్ల లెక్క ఇంత స్పష్టంగా రాలేదు. నిద్ర చాలనివాళ్లు ఎక్కువ తింటారన్నది మాత్రం మళ్లీ మళ్లీ కనిపించింది. అందుకే అర్ధరాత్రి బిర్యానీ ఆర్డరు పెట్టినవారిని మనోనిబ్బరం లేదని తిట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మేలుకుని ఉంటే క్యాలరీలు ఇంకా ఖర్చవుతాయి కదా అని అడగవచ్చు. అవుతాయి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి 2013 ప్రయోగంలో, రాత్రికి ఐదు గంటలే పడుకున్నవారు రోజుకు సుమారు 5 శాతం ఎక్కువ శక్తి ఖర్చు చేశారు. కానీ అంతకు మించి తిన్నారు, అదీ ముఖ్యంగా రాత్రి భోజనం అయ్యాక. ఐదు రోజుల్లో సగటున 0.8 కిలోలు పెరిగారు.

అన్నిటికన్నా ఆశ కలిగించేది 2022లో షికాగో విశ్వవిద్యాలయానికే చెందిన ఎస్రా తసాలి బృందం ప్రచురించిన అధ్యయనం. రోజూ ఆరున్నర గంటల కన్నా తక్కువ పడుకునే, అధిక బరువున్న 80 మందిని తీసుకున్నారు. వాళ్లను ల్యాబుకు రప్పించి కట్టడి చేయలేదు. ఇళ్లలోనే ఉంచి, సగం మందికి పడక అలవాట్లు, పడుకునే ముందు ఫోన్లు, టీవీల వాడకం గురించి సలహాలిచ్చారు. తిండి గురించి ఒక్క మాటా చెప్పలేదు. రెండు వారాల్లో వాళ్ల నిద్ర రోజుకు దాదాపు 1.2 గంటలు పెరిగింది. సలహాలు అందనివారితో పోలిస్తే తిండి రోజుకు సగటున 270 క్యాలరీలు తగ్గింది. అంటే దాదాపు ఐదు ఇడ్లీలు.

కాబట్టి పన్నెండింటికి పడుకునేవారు నాలుగున్నర నడకను సాయంత్రానికి మార్చుకోవడమే మేలు. పెద్దలకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలన్నది నిద్ర వైద్యుల సిఫారసు. రాత్రి షిఫ్టువాళ్లు పగలైనా గది చీకటి చేసుకుని ఆ ఏడు గంటలూ దక్కించుకోవాలి. ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా తూగుతున్నవారి సంగతి వేరు. అధిక బరువుతో పాటు పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం ఉంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. అలాంటప్పుడు గొంతులో గాలి దారి రాత్రంతా మాటిమాటికీ మూసుకుపోతుంటుంది. పడుకున్న మనిషికి చాలాసార్లు అది తెలియదు. పక్కన పడుకున్నవారు గమనించి చెప్పాలి, డాక్టరుకు చూపించి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి తీరును కొలిచే పరీక్ష చేయించాలి.