గద్ద నాణెం, గుడ్లగూబ నాణెం

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ బాబాయి జర్మనీ నుంచి తెచ్చిన రెండు నాణేల గురించి బాగా అడిగావు. ఒకదాని మీద జర్మనీ గద్ద, ఇంకోదాని మీద గ్రీసు గుడ్లగూబ. రెండూ ఒక్క యూరోయే, బరువు కూడా 7.5 గ్రాములే. మరి జర్మనీ కలిగిన దేశంగా ఉంటే గ్రీసు అప్పులపాలు ఎందుకయిందని కదా నీ ప్రశ్న?

నా చిన్నతనంలో మా ఊళ్లో ఒక పిండిమర, పట్నంలో స్టేషను దగ్గర ఇంకొకటి ఉండేవి. ఒకే రకం మోటారు, ఒకే వడ్డీకి తెచ్చిన అప్పు. పట్నం మర తెల్లవారింది మొదలు రాత్రి దాకా తిరిగేది. మా ఊరిది పొద్దున రెండు గంటలు ఆడి ఊరుకునేది. బెల్టు తెగితే మూడు రోజులు మూతే. జొన్నల సంచి మీద కూర్చుని ఎన్నిసార్లు నిద్రపోయానో! పిండి పడి తెల్లబడ్డ కనుబొమలతో ఇంటికి వెళ్తే మా అమ్మ "ముసలాయన వచ్చాడు, పీట వేయండి" అనేది. సరే, సంగతేమిటంటే రూపాయి ఒకటే అయినా లాభం ఒకటి కాదు.

జర్మనీది పట్నం మర. దాని కార్లకూ యంత్రాలకూ ప్రపంచమంతా గిరాకీ. గ్రీసు 2001లో యూరోలో, అంటే ఆ దేశాల ఉమ్మడి డబ్బులో చేరింది. అంతకుముందు సొంత డబ్బు డ్రాక్మా ఉన్న రోజుల్లో రెండంకెల వడ్డీ కట్టిన ప్రభుత్వానికి దాదాపు జర్మనీ వడ్డీకే అప్పు పుట్టసాగింది. ఆ డబ్బుతో మర బాగుపడలేదు, మర ముందు అరుగు లేచింది. స్పెయిన్‌లో అయితే ఇళ్ల మీద ఇళ్లు. జీతాలూ ధరలూ పెరిగి అక్కడి సరుకు ప్రియమైంది. చివరికి గ్రీసు అప్పులు తీర్చలేని స్థితికి వచ్చింది. 2010 మే నెలలో యూరో దేశాలూ అంతర్జాతీయ ద్రవ్యనిధీ కలిసి దానికి 11,000 కోట్ల యూరోలు ఇస్తామన్నారు. సాయం అన్నారు కానీ అదీ అప్పే. అరుగు కట్టినవాణ్ని అందరూ తిట్టారు. అరుగుకు అప్పిచ్చినవాణ్ని కూడా రెండు మాటలు అడగాలి కదా?

సొంత డ్రాక్మా ఉంటే దాని విలువ తగ్గించి సరుకును బయటివాళ్లకు చవక చేసుకునేవారు. యూరోలో ఆ వీలు లేక జీతాలూ పింఛన్లూ ఒక్కొక్కటే కోయాల్సి వచ్చింది. ఇక్కడ నా పిండిమర పనికిరాదు. మా మర ఆసామికి సొంత రూపాయి ఎన్నడూ లేదు.

ఆ గుడ్లగూబను భూతద్దం పెట్టి చూడు. సుమారు 2,400 ఏళ్ల కిందటి ఏథెన్సు నాణెం మీది బొమ్మ అది. నాణెంలో నాణెం! తరువాత మీ వీధి చివరి పిండిమర దగ్గర ఒక పూట కూర్చుని, మోటారు ఎంతసేపు ఊరికే ఉందో వాచీ చూసి నాకు రాయి.

మీ తాతయ్య