షివల్రీ: గుర్రం మీద నుంచి వచ్చిన మాట

బస్సులో ఒక మగవాడు లేచి ఆడవాళ్లకు సీటిస్తే 'షివల్రీ' అని మెచ్చుకుంటాం. ఈ మాట పుట్టినప్పుడు మాత్రం అందులో ఉన్నది గుర్రం ఒక్కటే.

లాటిన్ కావ్యాల్లో గుర్రాన్ని 'ఎక్వుస్' అనేవారు. చాకిరీ చేసే మామూలు గుర్రానికి జనం వాడిన మాట 'కబాలుస్'. చివరికి జనం మాటే నిలిచింది. ఫ్రెంచిలో గుర్రం 'షవాల్', దాన్నెక్కి యుద్ధం చేసేవాడు 'షెవాలియర్' అయ్యారు. నటుడు శివాజీ గణేశన్‌కు ఫ్రాన్స్ ఇచ్చిన బిరుదు ఇదే. షెవాలియర్ అంటే మన రౌతు. రౌతుల దండుకూ, వాళ్ల హోదాకూ పెట్టిన పేరే ఇంగ్లీషులోకి వచ్చి షివల్రీ అయింది. అశ్వదళాన్ని చెప్పే 'కావల్రీ' కూడా ఈ వేరు నుంచి వచ్చిందే.

గుర్రం, కవచం కొనడం భూములున్నవాళ్లకే సాధ్యం. ఆ బలంతో వాళ్లు ఊళ్ల మీద పడి దోచుకునేవారు. 989లో ఫ్రాన్స్‌లోని షారూలో బిషప్‌లు సమావేశమై, రైతుల ఎద్దులు, ఆవులు, మేకలు, గాడిదలు ఎత్తుకెళ్లేవాళ్లను చర్చి నుంచి వెలివేస్తామని ప్రకటించారు. వితంతువులను, అనాథలను కాపాడాలనే నీతి, ప్రియురాలి కోసం సాహసాలు చేసే కథానాయకుడు తర్వాతి శతాబ్దాల్లో ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

మరి ఆ నీతి ఎవరిదాకా వెళ్లింది? 1356లో పాయిటియర్స్ యుద్ధంలో ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్ ఫ్రెంచి రాజు జాన్‌ను బందీగా పట్టుకున్నాడు. ఆ రాత్రి స్వయంగా నిలబడి రాజుకు భోజనం వడ్డించాడని చరిత్రకారుడు ఫ్రాయిసార్ రాశాడు. షివల్రీ అంటే ఇదీ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. దాదాపు ఏడాది ముందు అదే యువరాజు దక్షిణ ఫ్రాన్స్‌లో దారి పొడవునా పల్లెలు తగలబెట్టాడు. కార్కసాన్ దిగువ పట్టణమూ కాలిపోయింది. అలాంటి దాడికి పేరు 'షెవోషే'. అదీ గుర్రం మాటే! బందీ అయిన రాజును విడిపించుకోవడానికి ఫ్రాన్స్ కోట్ల విలువైన బంగారం ఇస్తుంది. పల్లె రైతు దగ్గర ఏముంటుంది, కాలిపోగా మిగిలిన గింజలు తప్ప? నన్ను కలచివేసేది ఇదే. ఆ మర్యాద గుర్రమెక్కినవాళ్లు తమలో తాము పంచుకున్నది.

ఇప్పుడు మనం వాడే మెత్తని అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది. నైట్‌ల, అంటే ఆ గుర్రపు యోధుల, 'పది ఆజ్ఞలు' అని తరచూ చూపించే జాబితా కూడా అప్పటిదే. 1884లో లియోన్ గోటియే అనే ఫ్రెంచి పండితుడు పాత కావ్యాలు చదివి తనే దాన్ని కూర్చాడు. బలహీనులకు అండగా నిలవాలన్నది అందులో మూడో ఆజ్ఞ.