పెద్ద కంపెనీ బండా, చిన్న ఓనరు బండా? లారీ డ్రైవర్లలో ఉన్న అపోహలు - వాస్తవాలు

నేను 19 ఏళ్ళు లారీ నడిపాను. మొదటి 11 ఏళ్ళు మూడు బండ్లున్న ఒక విజయవాడ ఓనరు దగ్గర, తర్వాతి 8 ఏళ్ళు దేశమంతటా వందల బండ్లు తిప్పే ఒక కంపెనీలో పనిచేశాను. ఇప్పుడు ఆటోనగర్‌లో, కొత్తగా హెవీ లైసెన్సు తీసుకున్న కుర్రవాళ్ళకు దూరం బండి పని నేర్పుతున్నాను. "అన్నా, కంపెనీలో చేరమంటావా, ఓనరు బండి ఎక్కమంటావా?" అని వాళ్ళలో ఎవరో ఒకరు ప్రతి వారం అడుగుతారు. ఆ ప్రశ్నకు వాళ్ళ దగ్గర అప్పటికే ఒక జవాబు ఉంటుంది. అది ఏ డాబా దగ్గరో విన్నదై ఉంటుంది, చాలాసార్లు సగమే నిజమై ఉంటుంది.

బండి తిరుగుతున్నన్నాళ్ళూ రెండు చోట్లా పెద్ద తేడా కనిపించదు. బండి ఆగిన రోజున, సరుకు తగ్గిన రోజున, చలానా పడిన రోజున, ప్రమాదం జరిగిన రోజున ఆ నష్టం ఎవరి లెక్కలో రాస్తారన్నదే నేను చూసిన అసలు తేడా. కింద రాసినవన్నీ ఆ లెక్కకు సంబంధించినవే.

అపోహ: కంపెనీ పేరు రాసిన బండి ఎక్కితే అది కంపెనీ ఉద్యోగమే.

క్యాబిన్ మీద కంపెనీ పేరు, తలుపు మీద కంపెనీ ముద్ర ఉన్నంత మాత్రాన బండి ఆ కంపెనీది కాదు. పెద్ద రవాణా సంస్థలు తమ సొంత బండ్లతో పాటు చిన్న ఓనర్ల బండ్లను అటాచ్‌మెంటు మీద తీసుకుంటాయి. రంగు, పేరు కంపెనీవి, ఆర్.సి., ఫైనాన్సు కిస్తీ, డ్రైవరు జీతం మాత్రం ఓనరువి. ఇంకొన్ని చోట్ల బండి కంపెనీదే అయినా డ్రైవర్లను కాంట్రాక్టరు పెడతాడు. ఈ మూడు రకాల డ్రైవర్లూ ఒకే యార్డులో, ఒకే రంగు చొక్కాలతో పక్కపక్కనే నిలబడి లోడు కోసం ఎదురుచూస్తుంటారు కాబట్టి కొత్తవాడికి తేడా తెలియదు.

తెలుసుకోవడం మాత్రం కష్టం కాదు. నియామక పత్రం ఎవరి పేరుతో ఇచ్చారో, జీతం ఏ ఖాతా నుంచి పడుతోందో, బండి ఆర్.సి. మీద ఓనరుగా ఎవరి పేరు ఉందో చూడాలి. పీఎఫ్ ఉందని చెబితే యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే సంఖ్య) అడిగి తీసుకుని, మూడో నెలలో పాస్‌బుక్కు తెరిచి, అందులో సొమ్ము జమ చేస్తున్న సంస్థ పేరు ఏమిటో చదవాలి. పీఎఫ్ సాధారణంగా 20 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థలకు, ఈఎస్ఐ (ఉద్యోగులకూ వాళ్ళ కుటుంబానికీ వైద్యం, భృతి ఇచ్చే ప్రభుత్వ బీమా) 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థలకు వర్తిస్తాయి; ఈఎస్ఐకి నెల జీతం 21,000 రూపాయలు మించకూడదన్న పరిమితి కూడా ఉంది. అందువల్ల, మూడు బండ్ల ఓనరు తన బండికి ఎంత పెద్ద పేరు అతికించుకున్నా, అతని డ్రైవరుకు ఈ రెండూ వాటంతట అవి రావు.

అపోహ: చిన్న ఓనరు బండి మీద ప్రమాదం జరిగి డ్రైవరు చనిపోతే ఇంటివాళ్ళకు ఏమీ రాదు.

ఈ ఒక్క అపోహ పోయినా చాలునని నేను కోరుకుంటాను, ఎందుకంటే దీన్ని నమ్మి క్లెయిము వేయకుండానే ఊరుకున్న కుటుంబాలను నేను చూశాను.

మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి లారీకీ ఉండాల్సిన తప్పనిసరి బీమాలో సాధారణంగా, జీతానికి నడిపే డ్రైవరు పనిలో చనిపోయినా గాయపడినా ఉద్యోగుల పరిహార చట్టం కింద చెల్లించాల్సిన సొమ్ముకు రక్షణ ఉంటుంది. ఓనరుకు ఒక్క బండే ఉన్నా, వంద ఉన్నా ఇందులో మార్పు లేదు. ఆ పరిహార చట్టం 1923 నాటిది. దాని నిబంధనలను ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో చేర్చారు. ఈ పద్ధతిలో ఉన్న ముఖ్యమైన మేలు ఏమిటంటే, ప్రమాదానికి కారణం డ్రైవరు పొరపాటే అయినా కుటుంబానికి పరిహారం పోదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళితే ఎదుటి బండి తప్పును నిరూపించాలి. నిద్రమత్తులో తానే డివైడరును గుద్దుకున్న డ్రైవరు కుటుంబానికి అక్కడ దారి చాలావరకు మూసుకుపోతుంది. కార్మిక శాఖలోని పరిహార కమిషనరు దగ్గర ఆ దారి తెరిచే ఉంటుంది. అయితే రెండు చోట్లా వేయడం కుదరదు, ఒకదాన్ని ఎంచుకోవాలి. కమిషనరు దగ్గర వేయడానికి రెండేళ్ళ గడువు ఉంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. మరణానికి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. జీతం ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి 15,000 రూపాయల వరకే లెక్కలోకి తీసుకుంటున్నారు. 35 ఏళ్ళ వయసుకు గుణకం 197.06. అంటే 7,500 రూపాయలను 197.06తో హెచ్చిస్తే 14,77,950 రూపాయలు వస్తాయి. ఇది ఏ ఓనరూ దయతలచి ఇచ్చే సొమ్ము కాదు, బండి బీమా నుంచి రావాల్సిన సొమ్ము.

పెద్ద కంపెనీలో ఈఎస్ఐ ఉన్న డ్రైవరు విషయంలో దారి వేరు. అక్కడ పరిహార చట్టం కింద ఒకేసారి వచ్చే సొమ్ముకు బదులు, ఆధారపడిన కుటుంబ సభ్యులకు నెలనెలా ఈఎస్ఐ నుంచి భృతి వస్తుంది. పీఎఫ్ ఉంటే దానికి అనుబంధంగా ఉండే బీమా కింద 7 లక్షల రూపాయల వరకు వేరుగా వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంటికి నెలనెలా వచ్చే భృతే మేలని నా అభిప్రాయం. చిన్న ఓనరు దగ్గర ఏమీ ఉండదనడం మాత్రం పూర్తిగా తప్పు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే రుజువు దగ్గర వస్తుంది. నాతో పాటు క్లీనరుగా మొదలై డ్రైవరయిన ఒక మిత్రుడు ఒడిశా దారిలో చనిపోయాడు. అతని జీతమంతా చేతికి నగదుగానే ఇచ్చేవారు. నియామక పత్రం లేదు, బ్యాంకులో ఒక్క రూపాయి జమ లేదు, సంతకం చేసిన ట్రిప్పు షీటు లేదు. ఆ రోజు బండి నడుపుతున్నది అతనేనని, అతను ఆ ఓనరు దగ్గర జీతానికి ఉన్నాడని, ఆ జీతం ఇంత అని అతని భార్య ఒక్కొక్కటిగా రుజువు చేయాల్సి వచ్చింది. చివరికి అక్కరకు వచ్చింది అతని పాత ఫోనులో ఓనరు పంపిన సందేశాలు: "ఈ నెల జీతం వదినకు ఇచ్చాను, బత్తా రేపు" అన్న ఒక్క మాట. అప్పటి నుంచి నా దగ్గర నేర్చుకునే ప్రతి కుర్రవాడికీ, జీతంలో కనీసం సగమైనా బ్యాంకు ఖాతాలో వేయమని ఓనరును అడగమని చెబుతున్నాను. అడిగితే కోప్పడే ఓనరు గురించి ఆ ఒక్క కోపంలోనే చాలా తెలుస్తుంది. లైసెన్సు గడువు దాటకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే; గడువు తీరిన లైసెన్సును చూపించి బీమా కంపెనీ పేచీ పెడుతుంది.

ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా వీటన్నిటికీ అదనం. ప్రమాద మరణానికి 2 లక్షలు ఇచ్చే ఆ బీమా ఎక్కడ పనిచేసే డ్రైవరుకైనా ఉండి తీరాలి.

అపోహ: కంపెనీలో జీతం ఎక్కువ, ఓనరు దగ్గర చేతికి ఎక్కువ.

ఈ రెండు మాటలూ ఒకే డ్రైవరు నోట ఒకే రోజున విన్నాను. జీతం అంకెను పక్కన పెట్టి, ఒక ట్రిప్పు మొత్తం లెక్కను చూడాలి.

విజయవాడ నుంచి కోల్‌కతాకు సుమారు 1,200 కిలోమీటర్లు. లోడు బండికి లీటరుకు 4 కిలోమీటర్ల మైలేజీ రావాలని కంపెనీ నిర్ణయించిందనుకుందాం. అప్పుడు 300 లీటర్లు ఇస్తారు. దారిలో రోడ్డు పనులుండి, ఎదురుగాలి తగిలి, 3.7 మాత్రమే వస్తే 324 లీటర్లు ఖర్చవుతాయి. ఆ 24 లీటర్లు డ్రైవరు మీద రాస్తే, లీటరు 97 రూపాయలనుకుంటే 2,300 రూపాయలకు పైగా అతని ట్రిప్పు సొమ్ములోంచి పోతాయి. 4.3 తెస్తే మిగిలిన డీజిలు సొమ్ము డ్రైవరుకు ఇస్తారా, లేక తగ్గితేనే పట్టుకుని మిగిలితే మరిచిపోతారా అన్నది చేరకముందే అడగాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కాబట్టి ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా ఉంది: మే నెల మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు బయట బండి ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుంటే, ఆ డీజిలు ఎవరి లెక్క? ఏసీ ఉన్న బండి ఇచ్చి, మైలేజీ పేరుతో ఆ ఏసీ వేయనివ్వని చోట చేరి ప్రయోజనం లేదు.

చిన్న ఓనరు దగ్గర లెక్క వేరుగా ఉంటుంది. డీజిలు విషయంలో ఆయన కొంత చూసీ చూడనట్టు పోవచ్చు, ఎందుకంటే ఆయన కూడా ఒకప్పుడు ఆ సీటులోనే కూర్చున్నాడు. అయితే ఆయన చేతిలో రొక్కం తక్కువ. కిరాయిలో బ్రోకరు అడ్వాన్సుగా ఇచ్చింది డీజిలుకూ టోలుకూ సరిపోతుంది. మిగతా బాకీ, సరుకు ముట్టినట్టు సంతకం, ముద్ర ఉన్న రసీదు తిరిగి చేరాక గానీ రాదు. ఆ బాకీ ఆలస్యమైతే డ్రైవరు జీతం కూడా ఆలస్యమవుతుంది. కంపెనీలో జీతం తేదీకి పడుతుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు తేదీ ప్రకారం కట్టాల్సిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

షార్టేజీ (సరుకు తగ్గినా పాడైనా పడే కోత) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకసారి గుంటూరు నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని కోల్‌కతా వెళుతుంటే బాలాసోర్ దాటాక రాత్రంతా వాన పడింది. సరుకు మీద కప్పిన పట్టాకు (టార్పాలిన్‌కు) ఒక మూల చిరుగు ఉంది. దాన్ని మార్చమని నేను రెండు నెలలుగా అడుగుతూనే ఉన్నాను. బండిని డాబా పక్కన ఆపి, చిరుగు మీద నా దుప్పటిని మడిచి వేసి తాడు బిగించి కట్టాను. తెల్లవారి చూస్తే నాలుగు టిక్కీలు అడుగు వరకు తడిసి, పట్టుకుంటే ఎర్రటి నీరు కారింది. బ్రోకరు కిరాయి బాకీలోంచి పట్టుకున్నాడు, ఓనరు నా జీతంలోంచి పట్టుకున్నాడు. నాకు అప్పట్లో తెలియనిది ఏమిటంటే, అప్పగించిన సరుకు పాడైతే, అది నేరుగా పనివాడి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలితేనే, అతను చెప్పేది విన్న తర్వాతనే జీతంలో కోత పెట్టాలని వేతనాల చట్టంలోనే ఉంది. ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. కాబట్టి ఇవాళ నేను పట్టా చిరుగును లోడుకు ముందే ఫోటో తీసి ఓనరుకు పంపమని నేర్పుతున్నాను. ఓనరు ఎంత మంచివాడైనా పంపాలి.

అపోహ: కంపెనీలో గంటల ప్రకారమే పని, ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ పత్రం) గడువు వల్ల చిన్న బండ్ల వాళ్ళకు నిద్ర ఉండదు.

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న నియమం 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉంది. ఆ చట్టాన్ని వృత్తి భద్రత కోడ్‌లో కలిపినా రోజుకు 8 గంటల నియమం పోలేదు. దాన్ని పాటించేది పెద్దవాళ్ళే అనుకోకండి. డ్రైవర్లను ఒక్కో మజిలీలో మార్చే పద్ధతి ఉన్న కంపెనీలో నిజంగానే రాత్రికి ఇంటికి చేరవచ్చు. ఆ పద్ధతి లేని కంపెనీలో, చేరాల్సిన సమయం తప్పితే జరిమానా ఉన్న పార్సిల్ లోడు మీద, చిన్న ఓనరు బండి కంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది.

ఈ-వే బిల్లు మాట మాత్రం సాకు. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు లెక్కన ఇస్తున్నారు. కోల్‌కతా లోడుకు ఆరు రోజులు వస్తుంది. బండి చెడిపోతే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి, తీరిన 8 గంటల తర్వాత వరకు పొడిగించుకోవచ్చు. "బిల్లు అయిపోతుంది, పడుకోవద్దు" అని ఎవరైనా ఫోనులో అంటే, బిల్లు మీది తేదీని వారికి చదివి వినిపించండి.

అపోహ: ఓవర్‌లోడు కేసు ఓనరే చూసుకుంటాడు.

జరిమానా ఓనరు కట్టవచ్చు. 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. సస్పెండ్ అయ్యేది మాత్రం మీ లైసెన్సు. ఓవర్‌లోడుకు కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయాలని సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది. లైసెన్సు ఆగిన ఆ మూడు నెలల జీతం ఇచ్చిన ఓనరును గానీ, కంపెనీని గానీ నేను చూడలేదు. పెద్ద కంపెనీల్లో కాటా చీటీ లేకుండా బండి గేటు దాటదు. వాటి పక్షాన నేను గట్టిగా చెప్పే మాట ఇదే.

అపోహ: జీపీఎస్ డ్రైవరు మీద నిఘా కోసమే.

నిఘా ఉన్న మాట నిజమే. అయితే గోదాము దగ్గర బండి మూడు రోజులు ఆగిందని రుజువు చేసేది కూడా అదే. హాల్టింగ్ బత్తా అడిగేటప్పుడు ఆ రికార్డును అడిగి తీసుకోండి.

అపోహ: చిన్న ఓనరు దగ్గర ఎన్నాళ్ళు చేసినా ఎదుగుదల ఉండదు.

కంపెనీలో ఎదుగుదల అంటే పీఎఫ్, ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ, కొందరికి సూపర్‌వైజరు కుర్చీ. ప్రమాదకర సరుకు నడిపే శిక్షణ కూడా అక్కడే పద్ధతిగా దొరుకుతుంది. చిన్న ఓనరు దగ్గర దొరికేది వ్యాపారం. కిరాయి ఎలా మాట్లాడాలో, ఏ బ్రోకరు బాకీ ఎగ్గొడతాడో, తిరుగు లోడు ఎక్కడ దొరుకుతుందో, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు) ముందు బండికి ఎంత ఖర్చవుతుందో నాకు తెలిసింది ఆ 11 ఏళ్ళలోనే. నా ఓనరు తన పాత పది టైర్ల బండిని అక్కడ పనిచేసిన మరో డ్రైవరుకు వాయిదాల మీద ఇచ్చాడు. ఆయనకు ఇవాళ రెండు బండ్లున్నాయి, వాటి మీద పనిచేసే ఇద్దరికీ జీతం బ్యాంకులోనే వేస్తాడు. పోయిన నెల నా దగ్గర నేర్చుకున్న ఇద్దరిలో ఒకరిని ఆయన దగ్గరికి, ఇంకొకరిని కంపెనీకి పంపాను. కంపెనీకి వెళ్ళినవాడి ఇంట్లో తల్లికి డయాలసిస్ జరుగుతోంది, అతనికి ఈఎస్ఐ కార్డు ముఖ్యం. మొదటివాడికి సొంత బండి కావాలి.