కిహాన్సి కప్ప: ఊరు పోయాక మిగిలిన జాతి

టాంజానియాలోని ఉడ్జుంగ్వా పర్వతాల్లో కిహాన్సి నది లోతైన లోయలోకి జలపాతాలుగా దూకే చోట, ఎగిరిపడే తుంపరకు ఏడాది పొడవునా తడిసి ఉండే పచ్చికలో మాత్రమే బతికే చిన్న పసుపు కప్పను శాస్త్రజ్ఞులు 1996లో తొలిసారి గుర్తించారు. పెద్ద ఆడకప్ప కూడా మూడు సెంటీమీటర్లు దాటదు. చాలా కప్పలకు భిన్నంగా ఇది నీటిలో గుడ్లు పెట్టదు. టాడ్‌పోల్ దశ తల్లి కడుపులోనే గడిచిపోయి, పూర్తిగా రూపుదిద్దుకున్న పిల్లలే బయటికి వస్తాయి. ప్రపంచం మొత్తం మీద దాని నివాసం దాదాపు రెండు హెక్టార్లు, అంటే మన లెక్కలో ఐదెకరాలు.

ఆ కప్ప బయటపడిందే ఎగువన కడుతున్న 180 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం చేసిన పర్యావరణ పరిశీలనలో. కరెంటు కొరత ఉన్న దేశం ఆ ప్రాజెక్టును వదులుకోవాలని దూరాన కూర్చుని అనడం తేలికే గానీ న్యాయం కాదు. అయితే 2000 నాటికి నదిలో సుమారు 90 శాతం నీరు విద్యుత్ కేంద్రానికి మళ్లడంతో తుంపర తగ్గి, పచ్చిక ఎండసాగింది. అప్పుడు రెండు పనులు జరిగాయి. 499 కప్పలను పట్టి అమెరికాలోని జంతు ప్రదర్శనశాలలకు తరలించారు. లోయలో, మన రైతులు తుంపర సేద్యానికి వాడే స్ప్రింక్లర్ల వంటి గొట్టాలను అమర్చి కృత్రిమ తుంపర కల్పించారు. అది పనిచేసింది కూడా. 2003 మధ్యనాటికి కప్పల సంఖ్య 20,000 దాకా చేరిందని అంచనా.

2004 జనవరిలో వెదికితే కంటబడినవి మూడే. మరో రెండింటి అరుపు మాత్రం వినిపించింది. ప్రధాన అనుమానం చిట్రిడ్ శిలీంధ్రం మీద పడింది. కప్పకు చర్మం కేవలం కప్పి ఉంచే పొర కాదు, నీటినీ లవణాలనూ అదే లోపలికి తీసుకుంటుంది. శిలీంధ్రం ఆ చర్మంలో పెరిగితే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగుతుంది. అదే కాలంలో ఆనకట్ట అడుగున పేరుకున్న ఒండ్రును కిందికి వదలడంతో పురుగుమందుల అవశేషాలు లోయకు చేరి ఉంటాయన్న వాదన కూడా ఉంది. 2009లో ఈ జాతి అడవిలో అంతరించిందని ప్రకటించారు.

అమెరికాలోనూ వాటి బతుకు సాఫీగా సాగలేదు. వాటికి ఏం కావాలో తెలియక 2004 చివరికి 70కి లోపే మిగిలాయి. అవసరాలు అర్థమయ్యాక బ్రాంక్స్, టొలీడో జూలలో సంతతి పెరిగింది. 2010లో 100 కప్పలు విమానంలో టాంజానియాలోని దారెస్సలాం చేరాయి. 2012లో దాదాపు 2,000 కప్పలను తిరిగి కిహాన్సిలో వదిలారు. అడవిలో అంతరించిన ఉభయచరాన్ని సొంత చోటికి చేర్చిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. అయినా ముప్పులో ఉన్న జీవుల అంతర్జాతీయ జాబితాలో దాని స్థితి ఇంకా ‘అడవిలో అంతరించింది’ అనే ఉంది.

జూలో సంతానం పెంచడం కన్నా, శిలీంధ్రం ఉన్న చోటే కప్పను నిలబెట్టడం చాలా కష్టమని నాకనిపిస్తుంది. స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో టాడ్‌పోల్‌లను బయటికి తీసి శిలీంధ్రనాశక మందుతో చికిత్స చేసి, ఖాళీ చేసిన నీటి గుంటలను రసాయనంతో కడిగి చిట్రిడ్‌ను తొలగించగలిగారు; ఆ విజయం 2015లో వెలువడింది. అక్కడివి విడివిడిగా ఉన్న చిన్న గుంటలు. పారే నదినీ, నిత్యం తడిసే కొండవాలునూ, ఇతర కప్పలు కూడా తిరిగే అడవినీ అలా కడగలేరు. అందుకే కిహాన్సిలో స్ప్రింక్లర్లు తిరుగుతూ ఉండాలి, జూలలో పెంపకం కూడా ఆగకూడదు.