ఆరోగ్య రొట్టె, ఐలెట్ కణాలు

మొహర్రం అప్పుడు నెల్లూరు స్వర్ణాల చెరువు కాడికి పోయినోళ్లకి తెలుసు, నీళ్లలో దిగి నిలబడి ఒకరు ఆరోగ్య రొట్టె అని అరుస్తా ఉంటారు, ఇంకొకరు ఉద్యోగం రొట్టె, ఇంకొకరు పెళ్లి రొట్టె, ఎవరికి ఏది కావాలో వాళ్లు పోయి అది తీసుకుంటారు, కోరిక తీరితే మళ్లీ ఏడు అదే రొట్టె చేసుకొచ్చి ఇంకొకరికి ఇస్తారు. మా అక్క ఆరోగ్య రొట్టె తీసుకుంది, మా మేనకోడలి కోసం. పాపకి 9 ఏళ్లప్పుడు టైప్ 1 షుగర్ వచ్చింది, ఇప్పుడు 14. రొట్టె ఇచ్చినామె ఎవరో, ఏ ఊరో, ఏ మతమో అక్క అడగలేదు, అక్కడ ఎవరూ అడగరు.

ఆ రాత్రి కావలికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ అడిగాడు, "ఒరే, నా పాంక్రియాస్‌లో సగం కోసి పాపకి పెడితే కుదరదా, కిడ్నీలు ఇస్తన్నారు గదా, కన్న తండ్రిని, నాది కలవకుండా పోతదా?" అప్పుడు నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. తర్వాత కూర్చొని చదివా, పాపని చూసే డాక్టరమ్మని కూడా గుచ్చి గుచ్చి అడిగా, ఇదంతా బావకి చెప్పిందే.

పాంక్రియాస్ అంటే బడి పుస్తకాల్లో క్లోమం అని చదువుకున్నాం గదా, అందులో ఎక్కువ భాగం తిన్నది అరగడానికి రసాలు చేసేదే. ఇన్సులిన్ చేసేవి అందులో అక్కడక్కడా చల్లినట్టుండే చిన్న చిన్న కణాల గుంపులు, వీటినే ఐలెట్స్ అంటారు, 1869లో బెర్లిన్‌లో డాక్టర్ చదువుతున్న పాల్ లాంగర్‌హాన్స్ అనే కుర్రాడు వీటిని మైక్రోస్కోప్‌లో చూసి రాశాడు, అవి దేనికున్నాయో అప్పటికి ఆయనకీ తెలీదు. ఒక మనిషిలో సుమారు 10 లక్షలు ఉంటాయి, అన్నీ కలిపినా పాంక్రియాస్ బరువులో నూటికి ఒకటో రెండో వంతు. టైప్ 1లో ఏమవుతుందంటే, ఒంటిని కాపాడాల్సిన టీ సెల్స్ ఈ ఐలెట్స్‌లో ఇన్సులిన్ చేసే బీటా కణాలని శత్రువులనుకొని చంపేస్తాయి. స్వీట్లు తిన్నందువల్ల కాదు, తల్లి పెంపకం వల్ల కాదు, ఈ మాట మా వీధిలో ఎంతమందికి చెప్పానో, ఇప్పటికీ అక్కనే అంటారు, నాకు చానా బాధ అది.

పోయిన కణాల వరకు తెచ్చి పెట్టొచ్చు గదా అంటే, పెట్టారు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి పాంక్రియాస్ తీసుకొని ఎంజైమ్‌తో కరిగించి ఐలెట్స్‌ని విడదీసి, పొట్ట కోయకుండా సన్న గొట్టంతో లివర్‌లోకి పోయే రక్తనాళంలోకి వదుల్తారు, అవి పోయి లివర్‌లో కుదురుకొని అక్కణ్నించే ఇన్సులిన్ చేస్తాయి. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో వాళ్ల టీమ్ ఇట్టా చేసిన 7 మందీ ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఆపేయగలిగారు. ఆ తర్వాత ఇంకా ఎక్కువమందికి చేసి ఐదేళ్లు గమనించి 2005లో చెప్పిందేంటంటే, అసలు ఇంజెక్షన్ లేకుండా నిలబడింది పదిమందిలో ఒకరే, కానీ ఎక్కువమందిలో ఎంతో కొంత సొంత ఇన్సులిన్ వస్తానే ఉంది, అది ఉన్నందుకే షుగర్ ఉన్నట్టుండి పడిపోయి స్పృహ తప్పడం తగ్గింది.

ఇప్పుడు బావ అడిగిన కలవడం సంగతి. బ్లడ్ గ్రూప్ అందరికీ తెలిసిందే, అది ముందు కుదరాలి. దాని తర్వాతది హెచ్ఎల్ఏ. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం పైనా కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, వాటినే హెచ్ఎల్ఏ అంటారు, వాటిని పళ్లేలు అనుకోండి, లోపల తయారైన వాటి ముక్కల్ని కణం ఈ పళ్లేల్లో పెట్టి బయటికి చూపిస్తా ఉంటుంది, టీ సెల్స్ వచ్చి చూసి పోతా ఉంటాయి, పళ్లెం కొత్తగా కనపడినా గొడవే, పళ్లెంలో ముక్క కొత్తగా కనపడినా గొడవే. ఇట్టాంటి పళ్లేల్లో రకాలు మనుషులందరిలో కలిపి వేలల్లో ఉన్నాయి, మొదటిదాన్ని 1958లో ఫ్రాన్స్‌లో జాన్ దోసే పట్టుకున్నాడు, 1980లో ఆయనకి నోబెల్ వచ్చింది. పిల్లలకి అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టు వస్తాయి కాబట్టి కన్న తండ్రయినా బావది పాపకి కచ్చితంగా కలిసేది సగమే, తోడబుట్టినోళ్లయితే పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇంకోటి క్రాస్‌మ్యాచ్, అంటే దాత కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు తీసుకునే మనిషి రక్తంలో ముందే ఉన్నాయా అని చూడటం, ఎప్పుడో రక్తం ఎక్కించుకున్నా, కాన్పులు అయినా, అవి పుట్టి ఉండొచ్చు.

ఐలెట్స్ విషయంలో డాక్టర్లు బ్లడ్ గ్రూప్, యాంటీబాడీలు గట్టిగా చూస్తారు గానీ హెచ్ఎల్ఏ కలిసేదాకా మామూలుగా ఆగరు, దాతలే తక్కువ, తీసిన కణాలు ఎక్కువ కాలం నిలవవు. పైగా ఒక్క దాత నుంచి వచ్చినవి చాలక ఇద్దరివో ముగ్గురివో ఎక్కించాల్సి వస్తుంది, అంటే ఇద్దరు ముగ్గురి పళ్లేలు ఒకే ఒంట్లోకి. అందుకే ఇమ్యూనిటీని తగ్గించే మందులు రోజూ మింగాలి, ఏ కారణంతోనైనా ఆ మందులు ఆపితే ఆ పళ్లేల మీద యాంటీబాడీలు పుట్టుకురావచ్చు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే, ఎందుకంటే షుగర్ ఉన్నోళ్లకి ముందుముందు కిడ్నీ కావాల్సి రావచ్చు, అప్పటికి ఒంట్లో ఇన్ని రకాల యాంటీబాడీలు ఉంటే సరిపడే కిడ్నీ దొరకడం ఎంత కష్టమో ఆలోచించండి.

సరే, అన్నీ నూటికి నూరు కలిశాయనుకుందాం. అమెరికాలో మిన్నెసోటాలో డేవిడ్ సదర్లాండ్ అనే సర్జన్ కవలల్లో షుగర్ లేని మనిషి పాంక్రియాస్‌లో సగం తీసి టైప్ 1 ఉన్న మనిషికి పెట్టాడు, ఒకే పోలిక కవలలు, పళ్లేలన్నీ ఒకటే, ఇంక మందులెందుకని మొదట్లో ఇవ్వలేదు. పరాయిదని ఒళ్లు తోసెయ్యలేదు, కానీ షుగర్ మళ్లీ వచ్చింది! పాత టీ సెల్స్ అక్కడే ఉన్నాయి గదా, పళ్లెం అదే, అందులో బీటా కణం ముక్కా అదే, చక్కగా గుర్తుపట్టి చంపేశాయి. ఇది చదివిన రోజు నేను చానాసేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నా. కిడ్నీ రోగికి మంచి మ్యాచ్ అంటే వరం, టైప్ 1లో మ్యాచ్ ఎంత బాగా కుదిరినా మొదట జబ్బు తెచ్చిన దాడి ఆగదు, ఆ దాడినీ మందులతో ఆపాల్సిందే.

జపాన్‌లో క్యోటోలో 2005లో 56 ఏళ్ల తల్లి తన పాంక్రియాస్‌లో దాదాపు సగం ఇచ్చింది, దాన్నించి తీసిన ఐలెట్స్‌ని 27 ఏళ్ల కూతురికి ఎక్కించారు, 22 రోజులకి కూతురు ఇన్సులిన్ ఆపేసింది. బావకి ఇది చెప్తే ముఖం వెలిగిపోయింది, మిగతాది చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పా. ఆ అమ్మాయికి షుగర్ వచ్చింది పాంక్రియాస్ వాపు వల్ల, టీ సెల్స్ దాడి వల్ల కాదు. పైగా సగం తీసేస్తే ఇచ్చినోళ్లకే షుగర్ వచ్చే ప్రమాదం ఉంది, బావకి వాళ్ల నాన్న వైపు షుగర్ ఉండనే ఉంది.

ఇప్పుడు కొత్తగా జరుగుతున్నవి వేరే దారిలో పోతన్నాయి. స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగలిగే కణాల నుంచి ల్యాబ్‌లో పెంచిన ఐలెట్స్‌ని పూర్తి డోసులో ఇచ్చిన 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారని 2025లో వచ్చింది, దాత కోసం ఎదురుచూపు పోయింది గానీ మందులు పోలేదు. అదే ఏడు స్వీడన్‌లోని ఉప్సలా నుంచి ఇంకోటి, దాత ఐలెట్స్‌లో జీన్స్ మార్చి ఆ పళ్లేలనే తీసేశారు, పళ్లెం లేని కణాన్ని ఎన్‌కే సెల్స్ అనేవి చంపుతాయి కాబట్టి నన్ను ముట్టుకోవద్దని చెప్పే సీడీ47 అనే ప్రోటీన్‌ని ఎక్కువ చేశారు, ఒక టైప్ 1 మనిషి ముంజేతి కండలో పెట్టారు, ఏ మందూ ఇవ్వలేదు, అయినా ఆ కణాలు బతికి ఇన్సులిన్ చేశాయి. ఒక్క మనిషే, ఇచ్చింది కొంచెమే, ఆయన ఇంజెక్షన్ మానలేదు. కానీ అది నిలబడితే బావ సగమా, తోబుట్టువు పూర్తా అన్న లెక్కే ఉండదు, చెరువులో రొట్టెలాగా ఎవరిది ఎవరికైనా.

ప్రస్తుతానికి దాత ఐలెట్స్ ఎక్కించే చికిత్స ఇంజెక్షన్లతో ఎంత జాగ్రత్తగా ఉన్నా షుగర్ ప్రమాదంగా పడిపోయేవాళ్లకే, పాప అట్టా లేదు, రోహిణీ కార్తెలో కరెంటు పోతే ఇన్సులిన్‌ని కుండ నీళ్ల పక్కకి మార్చడం కూడా తనే చూసుకుంటుంది. బావ మాత్రం ఇవ్వాలన్న పట్టు వదల్లేదు, పోయిన నెల జీవన్‌దాన్‌లో అవయవ దానానికి పేరు రాయించుకున్నాడు, పాంక్రియాస్ కూడా ఉందా లిస్టులో అని నాతో రెండుసార్లు చూపించుకున్నాడు.